కాలవ గట్టు మీద బూట్ల లెక్క



ఈసారి పోస్టు ధాన్యం గురించి కాదు, దోమ మందు గురించి కాదు. పరుగు బూట్ల గురించి. "ఈయనేంటండీ, బూట్ల కొట్టు పెట్టాడా" అనుకునేవాళ్ళు అనుకోండి. కొట్టూ లేదు, ఏ కంపెనీవాడూ నాకు రూపాయి ఇవ్వలేదు. అందుకే నేను వాడి చూసిన వాటికి కంపెనీ పేర్లు కూడా రాయను. పేరు రాస్తే పొగిడినా గొడవే, తిట్టినా గొడవే. పైగా ఈ ఏడాది ఉన్న రకం వచ్చే ఏడాది బజార్లో ఉండదు. పేరు కంటే చూసే పద్ధతి తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మనం విత్తనం కొనేటప్పుడు సంచి తిప్పి లాటు నంబరు చూస్తాం, మొలక శాతం చూస్తాం, పక్కూరివాడిని అడుగుతాం. గేదెని కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం, నడిపించి చూస్తాం. బూట్ల దగ్గరికొచ్చేసరికి పిల్లాడు రంగు చూసి ఇది కావాలంటాడు, మనం జేబులో చెయ్యి పెడతాం. అంతే. ఏడాదికి రెండు మూడు జతలు ఇలాగే పోతన్నాయి ఇంటింటికీ.

మాది నిడదవోలు దగ్గర. 2022 ఏప్రిల్ దాకా పశ్చిమ గోదావరి జిల్లా, ఇప్పుడు తూర్పు గోదావరి అంటన్నారు. జిల్లా మారినా కాలవ మాత్రం విజ్జేశ్వరం దగ్గర తలెత్తి వచ్చే పడమటి కాలవే. పొద్దున్న నాలుగున్నరకి ఆ గట్టు మీదకి వెళ్ళి చూడండి. సగం ఊరు అక్కడే ఉంటది. కానిస్టేబుల్ పరుగుకి తయారయ్యే మగపిల్లలు, ఆడపిల్లలు, అగ్నివీర్ అంటూ మిలటరీకి వెళ్తామనే వాళ్ళు, షుగర్ వచ్చిందని డాక్టరు నడవమంటే నడిచే నా వయసు వాళ్ళు. అందరి కాళ్ళకీ తలో రకం. కొందరికి హవాయి చెప్పులు, కొందరికి స్కూల్లో వేసిన తెల్ల కాన్వాసు బూట్లు, కొందరికి రాత్రిపూట మెరిసే పచ్చరంగు బూట్లు.

మా చిన్నోడి సంగతి చెబితేనే ఈ లెక్క మీకు అర్థమవుద్ది. 2022 నవంబరులో కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చింది, 6100 పోస్టులు. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ జరిగింది, మావోడు పాసయ్యాడు. రాష్ట్రం మొత్తం మీద 95 వేల మంది పైచిలుకు పాసయ్యారు. ఇక పరుగు పరీక్షే కదా, రెండు నెలల్లో అయిపోద్ది అనుకున్నాం. మార్చిలో అన్నారు, వాయిదా పడింది. తర్వాత కోర్టు కేసులు. చివరికి పరుగు పెట్టింది 2024 డిసెంబరు 30 నుంచి. అంటే ప్రిలిమ్స్ రాసిన పిల్లలు ఇరవై మూడు నెలలు పరుగు ఆపకుండా ఉండాల్సొచ్చింది. ఆపితే ఊపిరి పోద్ది, ఒళ్ళొచ్చేస్తది. ఎప్పుడు పిలుస్తారో తెలీదు. నాలుగు సార్వా దాళ్వాలు వెళ్ళిపోయాయి ఈలోపు. మావోడు పొద్దున్న పరిగెత్తేవాడు, తర్వాత నాతో చేలోకి వచ్చేవాడు, సాయంత్రం పుస్తకం పట్టుకునేవాడు.

ఆ రోజుల్లో ఎరువుల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి బూట్ల లెక్క రాయడం మొదలెట్టాను. వంతెన దగ్గర్నించి లాకుల దాకా బండి మీటరు పెట్టి దూరం కొలిచాను. రోజుకి ఎన్నిసార్లు తిరిగాడో వాడు చెబుతాడు, నేను రాసుకుంటాను. కొన్న తేదీ, ధర, ఎన్ని కిలోమీటర్లకి ఏ భాగం పాడైంది, కాళ్ళు ఎక్కడ నొప్పి అన్నాడు. అన్నీ కలిపితే రెండువేల అయిదొందల కిలోమీటర్ల లెక్క ఉంది నా దగ్గర. ఇందులో ఆరు జతలున్నాయి.

మొదటిది తెల్ల కాన్వాసు బూట్లు, 350 రూపాయలు. గుడ్డ గట్టిది, చిరగలేదు. కానీ అడుగున పలచటి రబ్బరు రేకు తప్ప ఏమీ ఉండదు. అవి కవాతుకి, డ్రిల్లుకి చేసినవి. నూట యాభై కిలోమీటర్లు తిరిగేసరికి మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి అన్నాడు. రాత్రిళ్ళు మూలిగేవాడు. బూటు బాగానే ఉంది, కాలే బాలేదు.

ఎందుకో చెబుతాను. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ మన బరువుకి రెండు మూడు రెట్లు బరువు కాలి మీద పడద్ది. మావోడు అరవై కిలోలు. అంటే ప్రతి అడుగుకీ ఒక్క కాలి మీద సుమారు రెండు ధాన్యం బస్తాల బరువు. పదహారొందల మీటర్లకి వెయ్యి అడుగులు దాటతాయి. నడకలో ఎప్పుడూ ఒక కాలు నేల మీదుంటది కాబట్టి ఈ దెబ్బ తక్కువ. పరుగులో రెండు కాళ్ళూ గాల్లోకి లేచి పడతాయి, అదీ తేడా. నడకకి సరిపోయింది పరుగుకి సరిపోదని అందుకే అంటారు.

రెండో జత మావోడి స్నేహితులు సంతలో కొనిపెట్టారు, 450. పక్కన పెద్ద విదేశీ కంపెనీ గుర్తు, అసలుది కాదని గుడ్డివాడికి కూడా తెలుసు. చూడ్డానికి అడుగు ఇంత మందం. చేత్తో పట్టుకుంటే బండరాయి. కిరాణా కొట్టు కాటా మీద పెడితే జత ఎనిమిది వందల గ్రాములు దాటింది. బొటనవేలితో నొక్కితే దిగలేదు. అది పీవీసీ, మన బోరు పైపుల జాతి. అయిదు వారాలకి ముందు భాగం కప్ప నోరులాగా తెరుచుకుంది. నూట ముప్ఫై కిలోమీటర్లు. కిలోమీటరుకి మూడున్నర రూపాయలు పడింది. మన మోటారు సైకిలు పెట్రోలు ఖర్చు కంటే ఎక్కువ!

మూడోది 899 రూపాయలది. ఇదే నేను ఎక్కువగా చెప్పదలుచుకున్నది, ఎందుకంటే తర్వాత మళ్ళీ రెండుసార్లు అదే కొన్నాం. ఎనిమిది నంబరు బూటు ఒక్కోటి 260 గ్రాములు తూగింది. మధ్యలో ఈవీఏ అనే నురగ ఉంటది. అట్ట మీద కొందరు ఫైలాన్ అని రాస్తారు, అది కూడా ఈవీఏనే, అచ్చులో వేడి చేసి నొక్కింది. నురగ అంటే లోపల కోట్ల కొద్దీ గాలి బుడగలు. అడుగు పడ్డప్పుడు నలుగుద్ది, లేచినప్పుడు మళ్ళీ పొంగుద్ది. మంచి రకమైతే బొటనవేలితో నొక్కితే కొంచెం దిగి వెంటనే పైకొస్తది. నొక్కు అలాగే ఉండిపోతే నాసిరకం. అసలు దిగకపోతే మీరు పైపు ముక్క కొన్నట్టే.

మొదటి జత 520 కిలోమీటర్లు వచ్చింది, రెండోది 480. మూడోది పరీక్ష నాటికి 450 దాటి ఇంకా నడుస్తోంది. కిలోమీటరుకి ఒక రూపాయి ముప్పావలా చొప్పున పడింది. దీంట్లో లోపాలు లేవని కాదు. మడమ బయటి పక్క మూడు వందల కిలోమీటర్లకే అరిగిపోయింది. పైన జాలీ గుడ్డ చిటికెన వేలి దగ్గర చిరిగింది. లోపల వేసే మెత్త రెండు నెలలకే అట్టముక్కలా అయిపోతే, బజార్లో వంద రూపాయల మెత్త కొని వేశాం. వానలో తడిస్తే బరువెక్కుద్ది, సిమెంటు రోడ్డు మీద పాచి ఉన్నచోట జారుద్ది. అయినా కాలు నొప్పి అనలేదు. ఆ ధరకి అదే నాకు కావాల్సింది.

ఆరో జత మా బావమరిది హైదరాబాదు నుంచి తెచ్చిచ్చాడు. పెద్ద కంపెనీది, తగ్గింపులో 2800కి కొన్నాడంట. కాలు పెడితే దూదిలో పెట్టినట్టే ఉందన్నాడు మావోడు. 780 కిలోమీటర్లు వచ్చింది. కిలోమీటరుకి మూడు రూపాయల అరవై పైసలు. పదహారొందల మీటర్లు దాంతో ఆరు నిమిషాల నలభై సెకన్లు, 899 దాంతో ఆరు నిమిషాల నలభై రెండు. రెండు సెకన్ల తేడా బూటుదో, ఆ రోజు నిద్రదో చెప్పలేం. మీ దగ్గర డబ్బుంటే కొనండి, సుఖంగా ఉంటది. లేకపోతే దానికోసం అప్పు చెయ్యక్కర్లేదు.

కానిస్టేబుల్‌కి మగపిల్లలు పదహారొందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఎనిమిది నిమిషాలంటే కిలోమీటరుకి అయిదు నిమిషాలు. రోజూ సాధన చేసినవాడికి కష్టం కాదు. అగ్నివీర్‌కి పూర్తి మార్కులు, అంటే అరవైకి అరవై కావాలంటే అయిదు నిమిషాల ముప్ఫై సెకన్లలో రావాలి, అది కష్టం. ఆ పిల్లలు కూడా "బాబాయ్, ఏ బూట్లయితే టైము తగ్గుద్ది" అని అడుగుతారు. టైము తగ్గించేది సాధన. బూటు చేసే పనల్లా రేపు కూడా నువ్వు సాధన చెయ్యగలిగేలా కాలిని కాపాడ్డం. 2019లో వియన్నాలో కిప్చోగే అనే కెన్యా ఆయన మారథాన్ దూరం రెండు గంటల లోపు, 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తాడు. ఆయన బూటు అడుగులో కార్బన్ రేకు పెట్టారు. అలాంటి బూట్ల ధర ఎకరం కౌలులో సగం ఉంటది. అది కిప్చోగేకి. మన వంతెన నుంచి లాకుల దాకా అది అక్కర్లేదు.

"మేం చిన్నప్పుడు వట్టి కాళ్ళతో పరిగెత్తలేదా, బూట్లెందుకు" అనే పెద్దాయన ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. మా ఊళ్ళో ఆయన నాకు పెదనాన్న వరస, ఎదురు చెప్పలేను, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నిజమే. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా ఆయన అబెబె బికిలా వట్టి కాళ్ళతోనే మారథాన్ గెలిచాడు. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లేసుకుని పరిగెత్తి, రోమ్ కంటే మూడు నిమిషాలు ముందే వచ్చాడు. వట్టి కాళ్ళు తప్పు కాదు, బూట్లూ తప్పు కాదు. మనం పరిగెత్తిన రోజుల్లో గట్టు మీద గడ్డీ, మెత్తటి మట్టీ ఉండేవి. ఇప్పుడు కంకర, సిమెంటు, దాని మీద పగలగొట్టిన బీరు సీసాల పెంకులు. వట్టి కాళ్ళతో ఒక్క నెల పరిగెత్తమనండి చూద్దాం. చేలో దమ్ములో మాత్రం ఎప్పటికీ వట్టి కాళ్ళే, అక్కడ బూటు వేసుకుంటే బూటు అక్కడే ఉండిపోద్ది, మనం బయటికొస్తాం.

మన కాళ్ళ గురించి ఒక మాట. ఇది బూటు కొనేటప్పుడు అన్నిటికంటే ముఖ్యం. పుట్టినప్పట్నించి బురదలో వేళ్ళు విప్పి తొక్కిన కాళ్ళు మనవి. ముందు భాగం వెడల్పు. ఇది మన రైతులకే కాదు, దేశం మొత్తానికీ ఉన్నదే. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది, సీఎల్ఆర్ఐ అంటారు. వాళ్ళు దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచారు. మనవాళ్ళ పాదాలు ముందు వైపు వెడల్పు ఎక్కువని అందులో తేలింది. బజార్లో ఉన్న కొలతలేమో ఇంగ్లీషువాళ్ళవి, యూరపువాళ్ళవి. ఇంగ్లీషు నంబరులో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా ఎంతో తెలుసా అండి? ఒక బార్లీ గింజ పొడవు! అంగుళంలో మూడో వంతు. మన కంసాలి గురిగింజతో బంగారం తూచినట్టు వాళ్ళు గింజతో కాళ్ళు కొలిచారు. ఆ గింజ లెక్కే ఇప్పటికీ మన 7, 8, 9 నంబర్లు. కానీ అది పొడవు మాత్రమే చెబుద్ది, వెడల్పు చెప్పదు.

అందుకని మనవాళ్ళు ఏం చేస్తారంటే, ముందు బిగుతుగా ఉందని ఒక నంబరు పెద్దది తీసుకుంటారు. అప్పుడు మడమ వదులై ఊగుద్ది, పరిగెత్తితే బొబ్బలొస్తాయి. దానికంటే వెడల్పు ఉన్న రకం వెతుక్కోవడం మంచిది. ఒక తెల్లకాయితం మీద కాలు పెట్టి నించుని పెన్సిలుతో చుట్టూ గీసుకోండి. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళండి. బూటు లోపలి మెత్త బయటికి తీసి ఆ గీత మీద పెట్టండి. గీత మెత్త దాటి బయటికి పోయిందంటే ఆ బూటు మీది కాదు. కొట్టువాడు "వాడగా వాడగా సాగుద్దండి" అంటాడు. తోలు సాగుద్ది, ఈ ప్లాస్టిక్ గుడ్డ సాగదు. చిరుగుద్ది.

సాయంత్రం పూట కొనండి, పొద్దుటికంటే సాయంత్రానికి కాళ్ళు కొంచెం ఉబ్బుతాయి. మీరు రోజూ వేసుకునే మేజోళ్ళు తీసుకెళ్ళండి. నించుని చూసుకోవాలి, కూర్చుని కాదు. పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. బూటుని రెండు చేతులతో పట్టుకుని వంచండి. మన కాలు వేళ్ళ మొదట్లో వంగుద్ది కదా, బూటు కూడా అక్కడే వంగాలి. నడుము దగ్గర రెండుగా మడత పడితే అది బూటు కాదు, చాప. వెనక మడమ పట్టే గిన్నెలాంటి భాగాన్ని రెండు వేళ్ళతో నొక్కండి, గట్టిగా ఉండాలి. అడుగుకీ పైగుడ్డకీ మధ్య అతుకు చుట్టూ గోరు పెట్టి చూడండి. ఎక్కడైనా గోరు దూరితే అక్కణ్ణించే మొదలవుద్ది. అడుగున నురగ ఒక్కటే ఉంటే కంకర మీద తొందరగా అరిగిపోద్ది. మడమ దగ్గరా ముందు వైపూ నల్లటి రబ్బరు ముక్కలు అతికించి ఉండాలి.

ఇంకోటి, మన తడి ప్రాంతం వాళ్ళు తెలుసుకోవాల్సింది. పీయూ అడుగు ఉన్న బూట్లు ఉంటాయి. చూడ్డానికి బావుంటాయి, గట్టిగానూ ఉంటాయి. కానీ గాల్లో తేమకి ఆ పదార్థం లోపల్నించి తెగిపోతది. పెళ్ళికి కొని అటక మీద దాచిన బూట్లు ఏడాదో రెండేళ్ళో తర్వాత తీసి వేసుకుంటే అడుగు పిండిలా రాలిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. వాడినందుకు కాదు, దాచినందుకు పాడవుద్ది. ఈవీఏకి ఆ జబ్బు లేదు. దానికి వేరే జబ్బు, వాడేకొద్దీ అణిగిపోద్ది. పైకి కొత్తగానే కనపడద్ది, లోపల గాలి బుడగలు చచ్చిపోతాయి. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే బూటు ఒక పక్కకి వాలి ఉంటది. మోకాళ్ళు నొప్పులు మొదలవుతాయి. అప్పుడు బూటు చిరగకపోయినా మార్చెయ్యాలి. మంచి పరుగు బూటుకి అయిదు నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లని చెబుతారు. మా 899ది అయిదొందలే ఇచ్చింది, దాని ధరకి అది న్యాయమే.

బజార్లో పేర్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. రాజమండ్రి మెయిన్ రోడ్డులో అయినా తణుకులో అయినా ఈ ధరల్లో కాంపస్, స్పార్క్స్, ఏషియన్, బాటా వాళ్ళవి కనపడతాయి. స్పార్క్స్ అంటే రిలాక్సో వాళ్ళదే. ఈ రకం బూట్లు ఎక్కువగా హర్యానాలో బహదూర్‌గఢ్ వైపు తయారవుతాయి. పోలీసు, మిలటరీ సాధన చేసే పిల్లల్లో పంజాబు నుంచి వచ్చే సెగా బాగా తిరుగుతోంది. వీటిలో ఏది మంచిదని నేను చెప్పను. ఒకే కంపెనీలో నాలుగు రకాలుంటాయి, ఒకటి పరుగుకి, మూడు షోకుకి. పైన చెప్పినట్టు చేత్తో చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల లోపు పాదరక్షలకి జీఎస్టీ అయిదు శాతానికి తగ్గింది. అంతకుముందు వెయ్యి లోపు పన్నెండు, ఆ పైన పద్దెనిమిది ఉండేది. బిల్లు అడగండి, పాత లెక్క వేస్తే చూసుకోండి.

ఆన్‌లైన్లో కొనేవాళ్ళకి ఒక్క మాట. మేం ఒకసారి తెప్పిస్తే ఎనిమిది నంబరు అట్టలో ఏడు నంబరు కాళ్ళకి కూడా పట్టని సన్నబూట్లు వచ్చాయి. వాపసు తీసుకున్నారు గానీ పన్నెండు రోజులు పట్టింది. మొదటిసారి కొనే రకం కొట్లోనే చూసి కొనండి. కాలికి సరిపోయిందని తెలిశాక రెండోసారి ఆన్‌లైన్లో వంద తగ్గితే తెప్పించుకోండి.

ఇక మావోడి పరీక్ష. మాకు ఏలూరులో పెట్టారు. గేటు బయట తల్లిదండ్రులం చలిలో నించున్నాం. లోపలికి వెళ్ళే పిల్లల కాళ్ళే చూస్తున్నాను నేను. ఎంతమంది ఆ రోజు కోసమని కొత్త బూట్లు కొనుక్కొచ్చారో! అట్టపెట్టె వాసన పోలేదు. ఒకబ్బాయి బయటికొచ్చి బూట్లు విప్పితే రెండు మడమలూ తోలు లేచిపోయాయి. పాసయ్యాడు పాపం, కుంటుకుంటూ వెళ్ళాడు. పరీక్షకి వేసుకునే జత కనీసం నలభై యాభై కిలోమీటర్లు తిరిగినదై ఉండాలి, అలాగని అరిగిపోయిందీ కాకూడదు. మావోడు ఆరు నిమిషాల ముప్ఫై ఎనిమిది సెకన్లలో వచ్చాడు. అందులో గెలిచాడు. జూన్‌లో మెయిన్స్ రాశాడు. ఆగస్టులో ఫలితాలొచ్చాయి, వాడి నంబరు లేదు. కొద్ది మార్కుల్లో పోయింది. వారం రోజులు గట్టు మీదకి వెళ్ళలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న నాలుగింటికి లేచి చూస్తే అరుగు మీద బూట్లు లేవు. నేనేమీ అడగలేదు.

ఆ ఇరవై మూడు నెలల్లో బావమరిది ఇచ్చింది తీసేస్తే మా ఇంట్లో బూట్లకి అయిన ఖర్చు మూడున్నర వేలు. 2024-25లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాకి 2320, అంటే డెబ్భై అయిదు కిలోల బస్తా 1740. రెండు బస్తాల ధాన్యం. కోచింగుకి ఎంత పోశామో ఆ లెక్క ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది.

ఆవిడ సంగతి కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట షుగర్ బయటపడింది. నడవమన్నారు. హవాయి చెప్పులతో నడిచేది. మా వీధిలోనే నాకు బావ వరసయ్యే ఆయనకి చెప్పు వారు ఒరుసుకుని చిన్న పుండు పడింది. షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఆయనకి తెలియనే లేదు. తెలిసేసరికి బొటనవేలు తీసెయ్యాల్సొచ్చింది. ఆయన్ని చూసొచ్చిన రోజే ఆవిడకి బూట్లు కొంటానన్నాను. "చీర మీద బూట్లేంటి, ఊరంతా నవ్వుద్ది" అంది. నవ్వారు కూడా. "ఏంటొదినా, నువ్వు కూడా కానిస్టేబుల్ పరుగుకా" అని. ఆవిడ కూడా "అవునే, నిన్ను పట్టుకోడానికే" అనేసింది. ఇప్పుడు ఆ నవ్వినావిడే మొన్న మా ఇంటికొచ్చి ఎంతకి కొన్నారని అడిగి వెళ్ళింది.

షుగరున్నవాళ్ళకి నా లెక్కలో మొదట చూడాల్సింది వెడల్పు, తర్వాత లోపల కుట్లు. చెయ్యి లోపలికి పెట్టి చుట్టూ తడమండి, గరుకుగా ఏ అతుకూ తగలకూడదు. వేసుకునే ముందు ప్రతిరోజూ బూటు తిరగేసి దులపాలి. మనకి గులకరాయి ఉంటే తెలుస్తది, వాళ్ళకి తెలీదు. రాయే కాదండి, అరుగు మీద వదిలిన బూట్లో తేలు ఉండొచ్చు, జెర్రి ఉండొచ్చు. మా ఇంట్లో ఒకసారి కప్ప ఉంది. ఆవిడ అరుపుకి వీధంతా వచ్చింది. వచ్చాక పాదాలు చూసుకోవాలి, అడుగు కనపడకపోతే అద్దం కింద పెట్టుకుని చూడాలి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోవాలి. నాట్ల రోజుల్లో మనకి పాసిపోయినట్టు వాళ్ళకి పాసితే మానడం కష్టం. పుండు కనపడితే పసుపు రాసి ఊరుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

బూట్లు తడిస్తే ఎండలో పడెయ్యకండి. ట్రాక్టరు ఇంజను మీద పెట్టేవాళ్ళని కూడా చూశాను. వేడికి జిగురు వదిలేస్తది, నురగ ముడుచుకుపోద్ది. లోపలి మెత్త తీసి, పాత పేపరు ఉండలు కుక్కి, నీడలో గాలి తగిలేచోట పెట్టండి. గంట తర్వాత పేపరు మార్చండి. వాషింగ్ మిషన్లో వెయ్యకండి. బురద ఎండాక బ్రష్షుతో దులిపితే చాలు. అడుగు ఊడితే చెప్పులు కుట్టే ఆయనకి వందిస్తే చుట్టూ దారం వేసిస్తాడు, ఇంకో నెల రెండు నెలలు నడకకి వస్తది, పరుగుకి రాదు. అలాంటి పాత జతలే రెండు ఇప్పుడు నా కాళ్ళకి. కళ్ళంలో ధాన్యం ఎగదోసేటప్పుడు వేసుకుంటన్నాను, ఎండకి కాళ్ళు కాలట్లేదు.